శబ్దం ఎక్కడిదో చెప్పండి, పార్టు తర్వాత మారుద్దురు గాని

మన సర్వీస్ సెంటర్లలో కార్లు బాగుచెయ్యడం తగ్గిపోయి చాలా కాలమైంది. ఇప్పుడక్కడ జరిగేది పార్టులు మార్చడం. అనుమానం ఉంటే నాది ఒక చిన్న పరీక్ష. కారు వెనక చక్రం దగ్గర్నుంచి టక్ టక్ మని శబ్దం వస్తోందని చెప్పి బండి అప్పజెప్పండి. సాయంత్రానికి ఫలానా పార్టు పోయిందని ఫోనొస్తుంది. "పోయిందని ఎలా తెలిసింది?" అని అడగండి. అక్కడితో సంభాషణ అయిపోతుంది.

ఇది మోసమని నేను అనను. అంతకంటే ఇబ్బందికరమైన మాట అంటాను. వాళ్ళకి నిజంగానే తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా వాళ్ళకి లేదు. ఆ అవసరం లేకుండా చేసిన వాళ్ళలో మనమూ ఉన్నాం. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు నా కారు సంగతి. ఎడమ వెనక చక్రం వైపు నుంచి శబ్దం మొదలైంది. మెల్లగా వెళ్తుంటే టక్... టక్... టక్. వేగం పెరిగేకొద్దీ టకటకటక. నున్నటి సిమెంటు రోడ్డు మీద కూడా వస్తుంది. గతుకుల్లో ప్రత్యేకంగా పెరగదు. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా తేడా లేదు. వెనక సీట్లో మనుషులున్నా లేకపోయినా అంతే. ఇవన్నీ సర్వీస్ అడ్వైజరుకి వివరంగా చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా తల ఊపుతూ విన్నాడు. జాబ్ కార్డు మీద మాత్రం రెండే ముక్కలు రాశాడు: "వెనక శబ్దం".

మనవాళ్ళకి ఇది బాగా తెలిసిన కథే. క్లయింటు అరపేజీ రాసి పంపిస్తే, మొదటి అంచె సపోర్టు దాటి మన దగ్గరికి వచ్చేసరికి "అప్లికేషన్ పనిచెయ్యట్లేదు" అని మిగులుతుంది కదా, అదే. కారుని ముట్టుకునే మెకానిక్‌కి నా మాట చేరలేదు. నాకు మెకానిక్ మొహం చూపించలేదు.

సాయంత్రం ఫోను. "సార్, రియర్ షాక్ అబ్జార్బర్లు పోయాయి. జతగా మార్చాలి."

"ఆయిల్ కారిందా?"

"లేద్సార్. అరవై వేల కిలోమీటర్లు దాటింది కద్సార్."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికెవడో. మార్చారు. 8,600 బిల్లు. శబ్దం అలాగే ఉంది. మళ్ళీ తీసుకెళ్తే ఈసారి వీల్ బేరింగ్ అన్నారు. 5,900. శబ్దం చెక్కుచెదరలేదు. మూడోసారి వెళ్తే వెనక యాక్సిల్ బుష్‌లంటూ పదకొండు వేలకి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. "ఇది కూడా మార్చి చూద్దాం సార్" అన్నాడు అడ్వైజరు. మార్చి చూద్దాం! ఎవరి డబ్బుతో చూస్తున్నాడు ఆయన?

ఇప్పుడు అసలు విషయం. చక్రం దగ్గర శబ్దం దైవరహస్యమేమీ కాదు. అది ఎప్పుడు వస్తుంది అన్నదాన్నిబట్టే సగం సమాధానం తెలిసిపోతుంది. రెండు రకాలుగా విడగొట్టుకోవచ్చు.

మొదటిది గతుకులో మాత్రమే వచ్చే శబ్దం. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు 'ఠక్', గుంతలో పడ్డప్పుడు 'ధడ్'. నున్నటి రోడ్డు మీద నిశ్శబ్దం. అప్పుడు అనుమానించాల్సినవి షాక్ అబ్జార్బరు, దాని పైనా కిందా ఉండే రబ్బరు బుష్‌లు, విరిగిన స్ప్రింగు, యాక్సిల్ బుష్‌లు, సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లు. వీటన్నిటికంటే ముందు డిక్కీ ఖాళీ చేసి చూడాలి. సరిగ్గా బిగించని స్టెప్నీ, జాకీ, సీటు కొక్కెం, ఇవి చేసే శబ్దాన్ని సస్పెన్షన్ ఖాతాలో వేసిన సందర్భాలు కొల్లలు.

రెండోది చక్రంతో పాటు తిరిగే శబ్దం. రోడ్డు ఎలా ఉన్నా వస్తుంది, వేగంతో పాటు లయ పెరుగుతుంది. ఇందులో ముద్దాయిలు వేరు. టైరు, టైరు గాడిలో ఇరుక్కున్న రాయి, వంగిన రిమ్ము, వదులైన వీల్ నట్లు, వీల్ క్యాప్, బ్రేక్ డ్రమ్ము, హబ్బు. షాక్ అబ్జార్బరు చక్రంతో పాటు తిరగదు. కాబట్టి నున్నటి రోడ్డు మీద లయబద్ధంగా కొట్టుకునే శబ్దానికి అది మొదటి ముద్దాయి కాలేదు. బేరింగ్ తిరిగేదే గానీ, అరిగిన బేరింగ్ మామూలుగా గుయ్‌మని మూలుగుతుంది, వేగంతో ఆ మూలుగు పెరుగుతుంది, మలుపుల్లో బరువు అటూ ఇటూ మారినప్పుడు స్వరం మారుతుంది. లెక్కపెట్టగలిగేట్టు టక్ టక్ మని కొట్టడం దాని అలవాటు కాదు. పోనీ అనుమానమే ఉందనుకుందాం, జాకీ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు తెలుస్తుంది. చేత్తో తిప్పితే గరుకు తెలుస్తుంది. ఐదు నిమిషాల పని.

లయ అన్నాను కదా, దాన్ని లెక్కపెట్టొచ్చు కూడా. నా టైరు సైజు 165/80 ఆర్14. అంటే రిమ్ము 14 అంగుళాలు, 355.6 మిల్లీమీటర్లు. టైరు గోడ ఎత్తు 165లో 80 శాతం, 132 మి.మీ., పైనా కిందా కలిపి 264. మొత్తం వ్యాసం సుమారు 620 మి.మీ., చుట్టుకొలత 1.95 మీటర్లు. గంటకి 20 కి.మీ. అంటే సెకనుకి 5.56 మీటర్లు. అంటే చక్రం సెకనుకి 2.85 సార్లు, పది సెకన్లకి దాదాపు 28 సార్లు తిరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద మా తమ్ముణ్ణి డ్రైవింగ్‌లో కూర్చోబెట్టి, 20 దగ్గర నిలకడగా పోనిమ్మని, నేను వెనక సీట్లో ఫోన్లో రికార్డు చేశాను. పది సెకన్లలో 27 దెబ్బలు. స్పీడోమీటర్లు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి కాబట్టి ఒకటి తగ్గడం సహజం. చక్రం ఒక్క చుట్టుకి ఒక్క దెబ్బ. కేసు సగం అయిపోయింది. ఖర్చు సున్నా. ఈ లెక్కకి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, ఆరో తరగతి చాలు :)

ఈ లెక్క కాగితం మీద రాసి సర్వీస్ సెంటర్లో ఇస్తే అడ్వైజరు నవ్వి, "స్కానర్ పెట్టాం సార్, ఏ ఎర్రరూ లేదు" అన్నాడు.

స్కానర్ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది మనవాళ్ళు తేలిగ్గా నమ్మే మాట. మన దేశంలో బీఎస్-4 కార్లకి ఓబీడీ మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. అది వచ్చింది ప్రధానంగా పొగ కోసం. ఇంజను, దాని సెన్సర్లు, ఉద్గారాలు సరిగ్గా ఉన్నాయా లేదా చూడ్డానికి. రబ్బరు బుష్‌కి సెన్సర్ లేదు. టైరు లోపల ఊడిపోతున్న పొరకి సెన్సర్ లేదు. ఏబీఎస్ సెన్సర్లు చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో చూస్తాయి, శబ్దం వినవు. లాగ్ ఫైల్లో ఎర్రర్ లేదంటే ప్రోగ్రామ్‌లో బగ్ లేదని మనం ఒప్పుకుంటామా? లాగ్‌లో ఉండేది ఎవరో ముందే ఊహించి రాయించుకున్నదే. ఊహించనిది అందులో ఉండదు.

నేను పదకొండు వేల ఎస్టిమేట్ జేబులో పెట్టుకుని మియాపూర్ దగ్గర రోడ్డు పక్క పంక్చర్ షాపుకి వెళ్ళాను. "అన్నా, ఎడమ పక్క వెనక చక్రం తీసి ముందుకి, ముందుది వెనక్కి వేసిపెట్టు" అన్నాను. ఇందులో నా తెలివితేటలేమీ లేవు. ఏదన్నా మాడ్యూలు మీద అనుమానమొస్తే దాన్ని ఇంకో మెషీన్లో పెట్టి చూస్తాం కదా, అంతే. శబ్దం చక్రంతో పాటు ముందుకొస్తే తప్పు చక్రంలో ఉంది. వెనకే ఉండిపోతే హబ్బులోనో బ్రేకులోనో సస్పెన్షన్లోనో ఉంది. ఒక్క ప్రయోగంతో అనుమానితుల్లో సగం మంది ఇంటికెళ్ళిపోతారు.

కిలోమీటరు తిరిగొచ్చాను. శబ్దం ముందుకొచ్చేసింది. పైగా స్టీరింగ్ సన్నగా వణకడం మొదలెట్టింది. ఆ అన్న చక్రాన్ని జాకీ మీద ఎత్తి, మెల్లగా తిప్పుతూ అరచెయ్యి టైరు మీద ఆనించి ఉంచాడు. ఒక చోట ఆగి, "ఇదిగో సార్, చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. లోపలి వైపు, బయటికి కనపడని చోట, గాళ్ళ పక్కన బుడిపె. టైరు లోపల ఉండే స్టీలు పొర ఊడి ఉబ్బిపోయింది. "దీంతో ఊరు దాటొద్దు సార్, స్టెప్నీ వేసేస్తా" అన్నాడు. మొత్తం ఇరవై నిమిషాలు. ఆయన అడిగింది రెండొందలు.

దీని అర్థమేంటో ఒక్కసారి ఆలోచించండి. గంటకి 100 కి.మీ. దగ్గర ఆ చక్రం సెకనుకి 14 సార్లు తిరుగుతుంది. అంటే ఊడిపోతున్న ఆ బుడిపె సెకనుకి 14 సార్లు రోడ్డుకేసి కొట్టుకుంటుంది, వేడెక్కుతుంది, ఇంకా ఊడుతుంది. అలాంటి టైరు పగిలేది ఇంటి సందులో 20 స్పీడులో కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద, విజయవాడ హైవే మీద, వెనక సీట్లో అమ్మానాన్నలు కునుకు తీస్తున్నప్పుడు పగులుతుంది. సర్వీస్ సెంటర్ వాళ్ళు రెండుసార్లు ఆ చక్రాన్ని ఊడదీసి మళ్ళీ బిగించారు. రెండుసార్లూ ఆ టైరు వాళ్ళ చేతుల్లోంచి వెళ్ళింది. రెండుసార్లూ "ఓకే" అని స్టాంపు కొట్టిన చెక్ లిస్టు నాకిచ్చారు. నాకు 14,500 పోయిందన్నది చిన్న బాధ. కారు క్షేమంగా ఉందని కాగితం రాసిచ్చి ఆ టైరుతో రోడ్డు మీదికి పంపించడం పెద్ద బాధ. కారణం కనుక్కోకుండా పార్టు మార్చడం వల్ల డబ్బు మాత్రమే వృథా అవుతుందని అనుకునేవాళ్ళు దీనికి సమాధానం చెప్పాలి. మార్చిన ప్రతి పార్టూ "ఇంక పర్లేదు" అన్న అబద్ధపు ధైర్యాన్ని కూడా ఇస్తుంది.

వాళ్ళకి లిఖితపూర్వకంగా ఒకే ప్రశ్న పంపాను. బేరింగ్ పోయిందని ఏ పరీక్ష చేసి తేల్చారు? దానికి జవాబు రాలేదు. వచ్చే సర్వీసుకి లేబర్ మీద ఇరవై శాతం తగ్గింపు కూపన్ మాత్రం వచ్చింది.

ఇప్పుడు వాళ్ళ తరఫు వాదనలు చూద్దాం. నేను విన్నవి మూడు.

ఒకటి, "అనుభవమున్న మెకానిక్ వినగానే చెప్పేస్తాడు." చెప్తాడు, కాదనను. కానీ అనుభవం ఇచ్చేది మంచి అనుమానం. అనుమానాన్ని రుజువు చేసుకోవడం వేరే పని. నిజంగా అనుభవమున్నవాడు రుజువు చూసుకునే మారుస్తాడు, ఎందుకంటే తన చెవి ఎన్నిసార్లు తప్పిందో వాడికి గుర్తుంటుంది. చాలా చిన్న కార్లలో వెనక రెండు చక్రాలూ ఒకే దూలానికి బిగించి ఉంటాయి. శబ్దం ఆ ఇనుములోంచి, బాడీలోంచి ప్రయాణం చేసి ఇంకెక్కడో వినిపిస్తుంది. చెవి ఒక్కటే చాలదు.

రెండు, "వెతకడానికి గంట పడుతుంది, మార్చడానికి అరగంట చాలు." ఎవరి గంట, ఎవరి పార్టు? గంట వాళ్ళది, పార్టు డబ్బు మనది. అందుకే వాళ్ళకి మార్చడం చవగ్గా కనిపిస్తుంది.

మూడు, "అరవై వేలు తిరిగిన షాక్‌లు ఎలాగూ మార్చాల్సినవే." అయితే అలాగే చెప్పండి. "ఇవి పాతబడ్డాయి, మారిస్తే మంచిది, మీ శబ్దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు" అని జాబ్ కార్డులో రాయండి. మెయింటెనెన్స్‌ని రిపేరు పేరుతో అమ్మకండి.

ఇదంతా ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే బిల్లు చూడండి. అందులో పార్టుకి ఒక లైను, ఆ పార్టు బిగించినందుకు లేబర్ ఒక లైను ఉంటాయి. "కారణం కనుక్కున్నందుకు" అని లైను లేదు. బిల్లులో లేని పని ఎవరూ చెయ్యరు. మెకానిక్ రెండు గంటలు కష్టపడి, గాడిలో ఇరుక్కున్న రాయి తీసి శబ్దం ఆపేశాడనుకోండి, సెంటరుకి వచ్చేది సున్నా. అదే మెకానిక్ ఏమీ ఆలోచించకుండా షాక్‌లు మారిస్తే వేలల్లో బిల్లు. అమెరికాలో చాలా షాపులు డయాగ్నొస్టిక్ ఫీజు అని విడిగా తీసుకుంటాయి. అక్కడా అన్యాయాలు లేకపోలేదు గానీ, కనీసం ఆ పనికి ఒక పేరుంది, ఒక ధరుంది. అక్కడ ఉన్న పాతకాపులకి 'కార్ టాక్' రేడియో కార్యక్రమం గుర్తుండే ఉంటుంది. 1977లో బోస్టన్‌లో మొదలై 2012 దాకా కొత్త ఎపిసోడ్లు వచ్చాయి. ఎంఐటీలో చదివిన మగ్లియాట్సీ అన్నదమ్ములు నడిపేవారు. జనం ఫోన్ చేసి కారు శబ్దాన్ని నోటితో చేసి వినిపిస్తే, వాళ్ళు పడీ పడీ నవ్వుతూనే ప్రశ్నలడిగేవాళ్ళు. ఎప్పుడొస్తుంది, ఎప్పుడు రాదు, వేగం పెంచితే ఏమవుతుంది అని. కారుని కళ్ళతో చూడకుండానే, ఫోన్లో. మన దగ్గర కారు కళ్ళెదురుగా ఉన్నా అడిగే నాథుడు లేడు.

ఇంక మన దగ్గరికి వద్దాం. కారు చూడ్డానికే ఐదొందలు అవుతుందంటే "చూడ్డానికి డబ్బులా?" అని కొట్లాటకి దిగేవాళ్ళు మనవాళ్ళలో ఎంతమంది లేరు? అదే వాళ్ళు పార్టుకి పది వేలంటే కిమ్మనకుండా కార్డు గీకుతారు. ఎందుకంటే పార్టు చేతికి కనిపిస్తుంది, బరువుంటుంది, డబ్బా ఉంటుంది. బుర్ర పెట్టి కనుక్కున్నది కనిపించదు. ఇదే అన్యాయం ఆఫీసులో మనకి జరిగితే మాత్రం లబోదిబోమంటాం. రెండు రోజులు నిద్రలేకుండా వెతికి ఒక్క లైను కోడ్ మార్చి బగ్ పరిష్కరిస్తే మేనేజరు టైమ్‌షీట్ చూసి "ఒక్క లైనుకి రెండు రోజులా?" అంటాడు. ఆ మాటకి మనకెంత మండుతుందో గుర్తు తెచ్చుకోండి. పంక్చర్ షాపు అన్న అడిగిన రెండొందలు టైరు విప్పి బిగించినందుకు. బుడిపె కనుక్కున్నందుకు ఆయన ఏమీ అడగలేదు, ఎందుకంటే దానికి ధర ఉంటుందని ఎవరూ ఆయనకి చెప్పలేదు. నేను ఐదొందలిస్తే వింతగా చూశాడు.

ఇంకో విచిత్రం. మన కంపెనీల్లో ఏ సర్వరు పడిపోయినా "ఎందుకు, ఎందుకు" అని ఐదుసార్లు అడిగి మూలకారణం రాయమంటారు కదా. ఆ పద్ధతి పుట్టిందీ పెరిగిందీ కార్ల కంపెనీలోనే. టొయోటాలో టైచీ ఓనో లాంటివాళ్ళు దాన్ని ఫ్యాక్టరీలో అలవాటు చేశారు. కార్ల పరిశ్రమ దగ్గర నేర్చుకున్నది మనం సాఫ్ట్‌వేర్‌లో పాటిస్తున్నాం (కనీసం నటిస్తున్నాం). ఆ కార్లని రిపేరు చేసే చోట మాత్రం ఒక్క "ఎందుకు" కూడా గడప దాటి లోపలికి రాదు.

కాబట్టి నేను అనేది ఇదీ. ఈసారి మీ బండికి వెనక శబ్దం వస్తే ముందు వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకోండి. ముఖ్యంగా ఈమధ్యే చక్రాలు విప్పి బిగించి ఉంటే అది చూడకుండా బండి కదపొద్దు. తర్వాత టైరు నాలుగు పక్కలా, లోపలి వైపు కూడా, చేత్తో తడమండి. టైరు గోడ మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. 2319 అంటే 2019లో 23వ వారం. శబ్దం గతుకుతో వస్తోందా, చక్రంతో తిరుగుతోందా తేల్చుకోండి. ఈ వివరమంతా జాబ్ కార్డు మీద మీ ఎదురుగా, మీ మాటల్లో రాయించండి. అడ్వైజరు కాదు, మెకానిక్కే పక్కన కూర్చుని శబ్దం వినాలని పట్టుబట్టండి. మీ కారు ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే వెనక చక్రాలకి ఇంజను నుంచి షాఫ్టు రాదు. వెనక "యాక్సిల్ జాయింట్ పోయింది" అన్నవాణ్ణి అదెక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. ఏ పార్టు మార్చాలన్నా, అది పోయిందనడానికి చేసిన పరీక్ష ఏమిటో రాతలో అడగండి. పాత పార్టు వెనక్కి తీసుకోండి. శబ్దం పోకపోతే లేబర్ ఎవరు భరించాలో ముందే తేల్చుకోండి.

వినకపోతే చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. సేవా లోపం కింద జిల్లా కమిషన్లో ఫిర్యాదు చెయ్యొచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. అంతకు ముందు 1915 హెల్ప్‌లైన్ ఉంది. నేను రాతలో అడగమన్నది ఇందుకే. నోటి మాటలకి కమిషన్లో విలువ ఉండదు.

అన్నిటికంటే ముఖ్యంగా, కనుక్కున్నవాడికి డబ్బివ్వండి. "చూడ్డానికి ఐదొందలు" అన్నవాణ్ణి బేరమాడకండి. నిజంగా చూస్తే, చూసినదాన్ని మీకు చూపిస్తే వెయ్యి ఇచ్చినా నష్టం లేదు. వాడు ఏమీ మార్చకుండా పంపించినా ఇవ్వండి, ఏమీ మార్చకుండా పంపిస్తే ఇంకా సంతోషంగా ఇవ్వండి. ఆ పనికి ధర లేనంతకాలం ఆ పని ఎవరూ చెయ్యరు. మన ఆఫీసులో మేనేజరు నుంచి ఏ గౌరవం కోరుకుంటున్నామో, మన కారు కింద దూరినవాడికి ఆ గౌరవం ముందు మనం ఇవ్వాలి.